జన్యువు జాతకం కాదు



ఇంట్లో ఒకరికి క్యాన్సరు అని తేలగానే కుటుంబం వారు వైద్యుణ్ని అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే. "ఇది వేరే చోటికి పాకుతుందా?" "మా అమ్మ దక్కుద్దా సారూ?" ఈ మధ్య వీటికి మూడో ప్రశ్న తోడైంది. "హైదరాబాదులో జీన్ టెస్టు ఉందట కదా, అది చేయిస్తే అంతా ముందే తెలిసిపోతుందట కదా?" పత్రికలో చదివి కొందరు, పట్నంలో చదువుకునే పిల్లలు చెబితే కొందరు, సెల్‌ఫోనులో చూసి కొందరు అడుగుతున్నారు.

అడగటం మంచిదే. కాని ఆ ప్రశ్న వెనుక రెండు ప్రమాదాలు ఉన్నాయి. పరీక్ష కోసం అప్పు చేసి అసలు చికిత్సకు డబ్బు లేకుండా చేసుకోవటం మొదటిది. "జీన్లోనే ఉందట, ఇంక ఏం చేసినా లాభం లేదు" అని మందు మానేయటం రెండోది. మొదటిదానిలో డబ్బు పోతుంది, రెండోదానిలో మనిషే పోవచ్చు. అందుకే ఈ విషయంలో సైన్సు ఎంతవరకు చెబుతున్నదో, ఎక్కడ ఆగిపోతున్నదో మీ ముందు ఉంచి, మా అభిప్రాయం కూడా చెప్పదలచుకున్నాము.

జన్యువులో తేడా అంటే ఏమిటి?

మన శరీరంలోని ప్రతి కణంలోనూ ఆ కణం ఏ పని ఎలా చేయాలో చెప్పే రాత ఉంటుంది. ఆ రాతలో ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క జన్యువు అనుకోండి. ఏ ఇద్దరి రాతా పూర్తిగా ఒకటి కాదు. అక్కడక్కడ అక్షరాలు మారుతుంటాయి. చాలా తేడాల వల్ల ఏమీ కాదు. కొన్ని మాత్రం జబ్బుకు దారి తీస్తాయి.

మన గూడేల్లో సికిల్ సెల్ పరీక్ష గురించి చాలామందికి తెలుసు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల కోసం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఆ జబ్బుకు కారణం ఒకే ఒక జన్యువులో ఒకే ఒక అక్షరం మారటం. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా మారిన అక్షరమే వస్తే బిడ్డకు జబ్బు వస్తుంది. ఒక వైపు నుంచే వస్తే బిడ్డ ఆ లక్షణాన్ని మోస్తాడు గాని సాధారణంగా జబ్బు పడడు. లెక్క స్పష్టంగా ఉంటుంది.

క్యాన్సరు కూడా ఇలాగే అనుకుంటే పొరపాటు. క్యాన్సరులో మార్పులు రెండు రకాలు. గడ్డలోని కణాల్లో మాత్రమే ఉండే మార్పులు ఒక రకం. ఇవి పొగాకు వల్ల, కొన్ని వైరస్‌ల వల్ల, వయసు మీద పడటం వల్ల జీవితకాలంలో వస్తాయి. పిల్లలకు సంక్రమించవు. పుట్టుకతోనే ఒంట్లోని అన్ని కణాల్లోనూ ఉండే తేడాలు రెండో రకం. ఇవి తల్లిదండ్రుల నుంచి వస్తాయి, పిల్లలకూ వెళ్లవచ్చు. రొమ్ము క్యాన్సరు వచ్చినవారిలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేది నూటికి ఐదు నుంచి పది మందిలోనే. కనుక తల్లికి క్యాన్సరు వచ్చినంత మాత్రాన కూతురికి పెళ్లి సంబంధం తప్పించుకోవటం అజ్ఞానం.

మూడు ప్రశ్నలు వేరు, మూడు జవాబులు వేరు

జబ్బు వస్తుందా, వచ్చింది పాకుతుందా, ఏ మందు పని చేస్తుంది అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు చెప్పే జన్యువు రెండోదానికి చెప్పకపోవచ్చు.

మొదటి ప్రశ్నకు పేరుపొందిన ఉదాహరణ బి.ఆర్.సి.ఎ. జన్యువులు. వంశంలో పాకే రొమ్ము క్యాన్సరుకు కారణమైన జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ చూపించారు. 1994లో మొదటి జన్యువు, 1995లో రెండోది దొరికాయి. మొదటి జన్యువులో లోపంతో పుట్టిన స్త్రీలలో సగానికి పైగా జీవితకాలంలో రొమ్ము క్యాన్సరు బారిన పడతారు. ఇది పెద్ద ప్రమాదమే. కాని ఆ లోపం ఉన్నవారు క్యాన్సరు వచ్చాక మిగతావారికంటే త్వరగా చనిపోతారా? బ్రిటనులో చిన్న వయసులో, అంటే 40 ఏళ్లలోపు, రొమ్ము క్యాన్సరు వచ్చిన 2,733 మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2018లో ఫలితం ప్రకటించారు. లోపం ఉన్నవారు, లేనివారు బతికిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. "బి.ఆర్.సి.ఎ. ఉంది, ఇంక అయిపోయింది" అనే మాటకు ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

రెండో ప్రశ్న, క్యాన్సరు పాకటం గురించి. రొమ్ములోని గడ్డ రొమ్ములోనే ఉంటే చాలావరకు ప్రాణాపాయం ఉండదు. ఆ కణాలు చంక గ్రంథులకు, అక్కడి నుంచి ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయానికి చేరినప్పుడే ప్రాణం మీదికి వస్తుంది. పాకటానికి కారణాలన్నీ గడ్డలోనే ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో సొహైల్ తవజోయి బృందం ఇంకో మాట చెప్పింది. మనిషి పుట్టుకతో తెచ్చుకున్న తేడాలు కూడా పాకటాన్ని ప్రభావితం చేస్తాయని వారి పరిశోధన. 2020లో చర్మానికి వచ్చే మెలనోమా క్యాన్సరులో అపో-ఇ అనే జన్యువు రకాన్ని బట్టి రోగులు బతికే కాలం మారుతున్నదని చూపించారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ముసలితనంలో మతిమరుపు జబ్బు ప్రమాదాన్ని పెంచే రకమే మెలనోమాలో రోగికి మేలు చేసింది. అంటే ఒక జన్యువును మంచిదనో చెడ్డదనో ముద్ర వేయటం కూడా సరికాదన్న మాట.

2025 జనవరిలో అదే బృందం రొమ్ము క్యాన్సరు మీద మరో ఫలితం వెల్లడించింది. రక్తంలో కొవ్వును అదుపు చేసే పి.సి.ఎస్.కె.9 అనే జన్యువులో ఒక సాధారణమైన తేడా ఉంది. స్వీడనులో తొలి దశ రొమ్ము క్యాన్సరు రోగులను చూస్తే, తల్లి నుంచి తండ్రి నుంచి రెండు వైపులా ఆ రకమే వచ్చినవారిలో 15 ఏళ్లలో సుమారు 22 శాతం మందికి క్యాన్సరు దూరపు అవయవాలకు పాకింది. మిగతావారిలో అది 2 శాతమే.

మూడో ప్రశ్న మందు గురించి. 1987లో డెనిస్ స్లామన్ బృందం రొమ్ము గడ్డల్లో హెర్-2 అనే జన్యువు ఎక్కువ ప్రతులుగా ఉంటే జబ్బు త్వరగా తిరగబెడుతుందని, రోగి తక్కువ కాలం బతుకుతుందని చూపించింది. ఆనాడు అది చెడు వార్త. 1998లో సరిగ్గా ఆ హెర్-2 మీదనే పని చేసే ట్రాస్టుజుమాబ్ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. 2014 నుంచి మన దేశంలో తయారైన అదే తరహా మందు తక్కువ ధరకు దొరుకుతున్నది. అలా ఒకనాటి చెడు వార్త ఈనాడు "మీకు పని చేసే మందు ఉంది" అనే వార్తగా మారింది. బి.ఆర్.సి.ఎ. లోపం ఉన్న తొలి దశ రొమ్ము క్యాన్సరు రోగుల్లో, జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఒలాపరిబ్ అనే మాత్ర మేలు చేస్తున్నదని 2021లో తేలింది.

అంకె గుంపుది, మనిషిది కాదు

స్వీడను లెక్కను మళ్లీ ఒకసారి చూడండి. ఎక్కువ ప్రమాదం ఉన్న గుంపులో నూటికి 22 మందికి పాకింది. అంటే 78 మందికి పాకలేదు. తక్కువ ప్రమాదం ఉన్న గుంపులోనూ ఇద్దరికి పాకింది. మీ అక్క ఆ 22లో ఉంటుందా, 78లో ఉంటుందా? ఏ పరీక్షా చెప్పలేదు. వర్షపాతం లెక్కలు చూసి ఈ ఏడు గోదావరికి వరద వచ్చే అవకాశం ఎంతో చెప్పవచ్చు. ఏ ఇంటి గడప దగ్గర నీళ్లు ఆగుతాయో చెప్పలేము. ఇదీ అంతే.

పైగా అది స్వీడను స్త్రీల లెక్క. ఆ తేడా మన దగ్గర ఎంతమందిలో ఉందో, ఉన్నా ఇంతే ప్రభావం చూపుతుందో లేదో ఇక్కడివారిని పరీక్షించి చూడాలి తప్ప అక్కడి అంకెను ఇక్కడ అతికించకూడదు.

ఇంకొక మాట. బతికే కాలం లెక్కలు రాతి మీద చెక్కినవి కావు. మందు మారితే లెక్క మారుతుంది. దీనికి సాక్ష్యం కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఒకప్పుడు పిల్లలకు రక్త క్యాన్సరు వస్తే కొద్ది నెలలే అనేవారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలో తయారైన అమినోప్టెరిన్ మందుతో ఆ పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. అక్కడి నుంచి మొదలై, ఈనాడు మంచి చికిత్స అందిన పిల్లల్లో ఎక్కువమంది బతికి బయటపడుతున్నారు. 1947లో ఎవరైనా జన్యువు చూసి ఆయుష్షు లెక్క కట్టి ఉంటే ఆ లెక్క ఏడాదికే తప్పి ఉండేది.

మన దగ్గర అన్నిటికంటే గట్టి సూచన

ఇప్పుడు మన భద్రాచలం ఏజెన్సీ సంగతికి వద్దాము. రొమ్ము క్యాన్సరు వచ్చిన మన ఆడవారు బతుకుతారా లేదా అన్నది ఏది నిర్ణయిస్తున్నది? మన దేశంలోని 11 ప్రాంతాల క్యాన్సరు నమోదు కేంద్రాలలో 2012 నుంచి 2015 వరకు నమోదైన రొమ్ము క్యాన్సరు రోగుల వివరాలను 2024లో ప్రకటించారు. గడ్డ రొమ్ములోనే ఉన్నప్పుడు వచ్చినవారిలో నూటికి 81 మంది ఐదేళ్లు బతికారు. చుట్టుపక్కలకు పాకాక వచ్చినవారిలో సుమారు 65 మంది. దూరపు అవయవాలకు పాకాక వచ్చినవారిలో 18 మంది.

81 ఎక్కడ, 18 ఎక్కడ! ఇంతకంటే బలంగా ఆయుష్షును చెప్పే జన్యు పరీక్ష మాకు తెలిసినంతలో లేదు. దీన్ని తెలుసుకోవటానికి వేల రూపాయల పరీక్ష అక్కరలేదు. గడ్డ చేతికి తగిలిన రోజుకూ, బయాప్సీ చేసిన రోజుకూ మధ్య ఎన్ని నెలలు గడిచాయో అడిగితే చాలు.

ఆ నెలలు ఎందుకు గడుస్తాయో మాకు తెలియనిది కాదు. నొప్పి లేని గడ్డను ఎవరూ పట్టించుకోరు. చర్ల, దుమ్ముగూడెం లోపలి గూడేల నుంచి భద్రాచలం రావటమే ఒక రోజు పని. అక్కడి నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ఇప్పపువ్వు, తునికాకు కాలంలో ఇల్లు కదిలితే ఆ ఏటి సంపాదన పోతుంది. ఆడమనిషి రొమ్ము చూపించుకోవటానికి సిగ్గు. వీటిని అజ్ఞానం అని కొట్టిపారేయటం తేలిక. మేము అలా అనము. ఇవి దారి, డబ్బు, మర్యాద సమస్యలు. వీటిని తీర్చటం ప్రభుత్వానికీ, ఆసుపత్రులకూ, సంఘాలకూ ఉన్న బాధ్యత.

కార్డుల సంగతి కూడా తెలుసుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. క్యాన్సరు చికిత్స అందులో ఉంది. కాని 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడివారికి వర్తించేది ఎన్టీఆర్ వైద్య సేవ. ఒకే వంశంవారు, ఒకే ఏటికి అటూ ఇటూ ఉన్నవారు, వేరువేరు కార్డులతో తిరగవలసి వస్తున్నది. బయలుదేరక ముందే మీ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో అడిగి తెలుసుకోండి.

చవకైన పరీక్షల విలువ మన దేశంలోనే రుజువైంది. కేరళలో ఆరోగ్య కార్యకర్తలు నోరు తెరిపించి చూసినందుకే, పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సరు మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మరణాలు సుమారు సగం తగ్గాయని 2009లో ప్రకటించారు. తునికాకు కోసి బీడీకి ఇచ్చేది మన చేతులే, ఆ బీడీ కాల్చేదీ మనమే. నోరు చూపించుకోవటం మన ప్రాంతంలో మరీ అవసరం.

మన రక్తం కావాలంటే మన మాట కూడా వినాలి

అలాగని జన్యు పరిశోధన మనకు అక్కరలేదని మేము అనటం లేదు. కావాలి, తప్పక కావాలి. మన తెలుగువారిలోనే ఒక ఉదాహరణ ఉంది. వైశ్యులలో ఒక ఎంజైము లోపం మిగతావారికంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. దానివల్ల ఆపరేషనుకు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను వదులు చేసే కొన్ని మందుల ప్రభావం ఎక్కువసేపు ఉండిపోతుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. ఇలా ఒక్కొక్క సమూహంలో ప్రత్యేకంగా ఉండే తేడాలను వెతకవలసిన అవసరాన్ని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2017లో చాటి చెప్పారు. తరువాత దేశంలోని 83 సమూహాల నుంచి పదివేల మంది జన్యు వివరాలు సేకరించిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. కోయలు, కొండరెడ్ల వంటివారి వివరాలు లేని పరిశోధన వారికి పనికివచ్చే జవాబు ఇవ్వదు.

అయితే మన జిల్లాకు ఒక చేదు అనుభవం ఉంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్.పి.వి. టీకా వేశారు. సుమారు 14 వేల మంది బాలికలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పరిశీలన అది. ఇక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఆ పథకంలోని ఏడుగురు బాలికలు చనిపోవటంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. కాని అనుమతి తీసుకున్న తీరును తప్పుపట్టింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా మాట్లాడింది. ఇక్కడ పరిశీలించిన 9,543 అనుమతి పత్రాలలో 2,763 మీద సంతకం చేసింది తల్లిదండ్రులు కాదు, హాస్టలు వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి.

ఆ టీకా మంచిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అది అడ్డుకుంటుందని ప్రపంచమంతటా రుజువైంది, మీ ఆడపిల్లలకు వేయించమనే మా సలహా. కాని మంచి పనికైనా అడిగే తీరు ఒకటి ఉంటుంది. అడగకుండా చేసిన మంచి పని ప్రజల నమ్మకాన్ని పోగొడుతుంది. నమ్మకం పోతే తరువాత నిజంగా మేలు చేసే టీకాను కూడా తల్లులు వద్దంటారు. విచిత్రంగా అదే 2010 ఏప్రిల్‌లో అమెరికాలోని హవసుపాయి అనే గిరిజనుల కేసు ముగిసింది. మధుమేహం పరిశోధన కోసమని వారి రక్తం తీసుకుని, చెప్పకుండా వేరే పరిశోధనలకు వాడారని వారు కోర్టుకు వెళ్లారు. ఆరిజోనా విశ్వవిద్యాలయ పాలకమండలి ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్త నమూనాలను వారికి తిరిగి ఇచ్చింది.

కనుక రేపు ఎవరైనా క్యాన్సరు జన్యు పరిశోధన కోసం మన గూడేలకు వస్తే నాలుగు మాటలు అడిగి తీరాలి. విషయం కోయ భాషలో, అర్థమయ్యేలా చెప్పాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులే అనుమతి ఇవ్వాలి, వార్డెనో హెడ్మాస్టరో కాదు. రక్తం దేనికి వాడతారో, ఎంతకాలం దాచుతారో చెప్పాలి. ఫలితం మనకు తెలియజేసి, జబ్బు బయటపడితే చికిత్సకు దారి చూపాలి. ఇవి కాదన్నవారికి రక్తం ఇవ్వనక్కరలేదు. ఇవ్వనందుకు ఏ ఆసుపత్రీ మీ చికిత్స ఆపకూడదు. మా ఆసుపత్రికీ ఈ నియమమే వర్తిస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసినది

జన్యు పరీక్ష అందరికీ వద్దు, కొందరికి తప్పక కావాలి. గడ్డ ముక్క మీద చేసే హార్మోను, హెర్-2 పరీక్షలు రొమ్ము క్యాన్సరు రోగులందరికీ అవసరం. మందు ఏదో నిర్ణయించేది అవే. బి.ఆర్.సి.ఎ. వంటి పుట్టుకతో వచ్చే లోపాల పరీక్ష గురించి వైద్యుణ్ని అడగవలసినవారు వీరు: చిన్న వయసులో రొమ్ము క్యాన్సరు వచ్చినవారు, అండాశయ క్యాన్సరు వచ్చినవారు, రొమ్ము క్యాన్సరు వచ్చిన మగవారు, ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి ఈ క్యాన్సర్లు వచ్చినవారు. ఫలితం వచ్చాక దాన్ని వివరించి చెప్పేవారు ఉంటేనే పరీక్ష చేయించండి. "ఈ ఫలితాన్ని బట్టి మా చికిత్సలో ఏం మారుతుంది డాక్టరు గారూ?" అని ముందే అడగండి. ఏమీ మారదని జవాబు వస్తే ఆ డబ్బు దారి ఖర్చులకు, మంచి తిండికి దాచుకోండి. క్యాన్సరు పాకుతుందో లేదో చెప్పే పుట్టుక తేడాల పరీక్షలు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. వాటి కోసం అప్పు చేయవద్దు.

30 ఏళ్లు దాటిన అమ్మలూ అక్కలూ, రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం పరీక్షల గురించి మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏ.ఎన్.ఎం. నో అడగండి. రొమ్ములో గడ్డ, మానని నోటి పుండు, ముట్లు ఆగిపోయాక రక్తం కనిపించటం వంటివి ఉంటే రెండు వారాలకు మించి ఆగవద్దు. మొదలుపెట్టిన కీమో, రేడియేషను మధ్యలో మానవద్దు. డబ్బు లేక మానవలసి వస్తే మానేముందు మాతో చెప్పండి. హైదరాబాదులో 1955 నుంచి ఉన్న ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉంది, కార్డు ఉంది, దారి వెతుకుదాము.

తలరాత అని నుదుటిని చూపించేవారు ఒకప్పుడు. ఇప్పుడు రక్తపు చుక్కను చూపిస్తున్నారు. జన్యువులో రాసి ఉన్నది అవకాశం మాత్రమే, తీర్పు కాదు. గడ్డ చిన్నదిగా ఉండగానే వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ అవకాశాన్ని తమ వైపు తిప్పుకుంటున్నారు. ఈ పత్రిక చదివాక మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా గడ్డను దాచుకుని తిరుగుతున్నారేమో ఒక్కసారి అడగండి. వచ్చే సోమవారం దాకా ఆగకుండా వారిని వెంటబెట్టుకుని రండి.